జవాబు చెప్పేది ఎవరు? సాంఘిక శాస్త్రాలలో కృత్రిమ మేధ

సోడియం ముక్కను నీటిలో వేసే ముందు దాని సమ్మతిని ఎవరూ అడుగరు. అది భగ్గున మండిపోయినందుకు ప్రయోగశాల మీద దావా వేసేవారు కూడా ఉండరు. పరీక్షనాళికలోని పదార్థం తనను గురించి ప్రచురించిన వ్యాసాన్ని చదువదు. చదివి సిగ్గుపడదు, కోపగించదు, స్వభావం మార్చుకోదు. రసాయన శాస్త్రానికీ సాంఘిక శాస్త్రాలకూ ఉన్న తేడాలలో ఇది అన్నిటికన్న పెద్దది. సమాజ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, మానవ శాస్త్రం పరిశీలించే పదార్థానికి నోరుంది, పేరుంది, పరువుంది, మోసపోతే నొచ్చుకునే మనసుంది. అందుచేత ఈ శాస్త్రాలలో ఒక ప్రయోగాన్ని ఎలా చేయాలి అనే ప్రశ్నకంటె ముందుగా, అసలు చేయవచ్చునా అనే ప్రశ్న వస్తుంది.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తేలికగా తలకెక్కలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే ఊరి పరిసరాలలో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ 1932లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సిఫిలిస్ వ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను, వ్యాధి లేని మరి 201 మందిని ఎంచుకుని, చికిత్స లేకపోతే ఆ వ్యాధి ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చున్నారు. పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా వారికి ఇవ్వలేదు. వారికున్న వ్యాధి ఏమిటో సరిగా చెప్పనూ లేదు. 1972లో పత్రికలు బయటపెట్టేవరకు, అంటే నలభై సంవత్సరాలు, ఇది సాగింది. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ప్రారంభించిన ప్రయోగాలు మరొక రకమైనవి. పక్క గదిలోని మనిషికి విద్యుదాఘాతం ఇస్తున్నామని నమ్మించి, ఆదేశిస్తే సామాన్యులు ఎంతవరకు వెళ్తారో ఆయన పరీక్షించాడు. నలభై మందిలో ఇరవై ఆరుగురు 450 వోల్టుల మీట వరకు వెళ్ళారు. విద్యుత్తు నిజానికి లేదు. ఆ మీట నొక్కినవారి చెమటా వణుకూ మాత్రం నిజమైనవే.

ఈ అనుభవాల నుంచి 1974లో అమెరికాలో ఒక చట్టమూ, 1979లో బెల్‌మాంట్ నివేదిక అనే పత్రమూ వచ్చాయి. పరిశోధనకు లోనయ్యే మనుషులను గౌరవించాలి, వారి మేలు చూడాలి, పరిశోధన వలన కలిగే భారాన్నీ ఫలాన్నీ న్యాయంగా పంచాలి అని ఆ నివేదిక మూడు సూత్రాలు చెప్పింది. నేడు అమెరికా విశ్వవిద్యాలయాలలో మనుషులతో పరిశోధన చేసేవారు ముందుగా నైతిక సమీక్షా సంఘం గడప తొక్కవలసిందే. పరిశోధన విద్యార్థులు ఆ సంఘాన్ని తిట్టుకుంటారన్నది వేరే సంగతి.

ఆ నియమాలు వ్రాసినవారి ఊహలో పరిశోధకుడు ఒక మనిషి, పరిశోధితుడు ఒక మనిషి. ఈ ఇద్దరిలో ఎవరి స్థానంలోనైనా ఒక యంత్రం వచ్చి కూర్చోగలదని 1979లో వారు ఆలోచించవలసిన అవసరం రాలేదు. చిక్కంతా అక్కడ ఉంది.

యంత్రం చేసే సమస్యాపూరణం

నేటి భాషాయంత్రాలు పనిచేసే తీరు మూలంలో సరళమైనది. అవధాన సభలో పృచ్ఛకుడు పద్యపు చివరి పాదం ఇస్తే అవధాని మిగిలిన మూడు పాదాలు పూరిస్తాడు. భాషాయంత్రానికి మొదటి మాటలు ఇస్తే తరువాతి మాటలను పూరిస్తుంది. మనుషులు వ్రాసిన కోటానుకోట్ల వాక్యాలను అది ముందుగా మథించి, ఏ మాట వెనుక ఏ మాట రావడానికి ఎంత అవకాశముందో లెక్క కట్టి పెట్టుకుంటుంది. ఆ లెక్క ప్రకారం ఒక్కొక్క మాటనే పేర్చుకుంటూ పోతుంది. అవధానికి సభలో ఎవరున్నారో, ఏ మాట ఎవరిని నొప్పిస్తుందో తెలుసు. యంత్రానికి ఆ సభ లేదు. అయినా అది పేర్చిన వాక్యాలు మనిషి వాక్యాలంత చక్కగా ఉంటాయి. ఎదుటివారు మనిషే అనుకోవడానికి అంత చక్కదనం కూడా అక్కరలేదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ‘ఎలైజా’ అనే అతి చిన్న ప్రోగ్రాం, మనిషి చెప్పిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. అంతమాత్రానికే కొందరు దానితో మనసు విప్పి మాట్లాడడం చూసి, దానిని చేసిన ఆయనే కలవరపడ్డాడు.

సాంఘిక శాస్త్రజ్ఞులకు ఈ యంత్రం వరంలా కనబడడంలో ఆశ్చర్యం లేదు. వేలకొద్దీ ఉపన్యాసాలను, ఉత్తరాలను, వార్తలను చదివి ఇది కోపం, ఇది భయం, ఇది రాజకీయం అని విడగొట్టే పనికి వెనుక విద్యార్థులను నెలల తరబడి కూర్చోబెట్టేవారు. ఇప్పుడది ఒక పూటలో తేలిపోతుంది. ఇందులో పెద్ద తప్పేమీ లేదు. తూకం వేసే యంత్రాన్ని తెలిసిన తూకపు రాళ్ళతో సరిచూసుకున్నట్లు, యంత్రం చేసిన విభజనలో కొంత భాగాన్ని మనుషులు తిరిగి పరీక్షించితే చాలు. యంత్రం కాగితాలను వదలి మనుషుల దగ్గరకు వచ్చినప్పుడు అసలు సమస్యలు మొదలవుతాయి.

చెప్పకుండా చేసిన ప్రయోగాలు

2012 జనవరిలో ఒక వారం రోజులపాటు ఫేస్‌బుక్ సంస్థ తన సభ్యులలో 6,89,003 మంది మీద ఒక ప్రయోగం చేసింది. మిత్రులు వ్రాసిన మాటలలో కొందరికి సంతోషకరమైనవి తగ్గించి చూపారు, కొందరికి విచారకరమైనవి తగ్గించి చూపారు. సంతోషం తగ్గించి చూపినవారి సొంత రాతలలో కూడా సంతోషం కాస్త తగ్గింది. ఆ తేడా చాలా స్వల్పం. 2014 జూన్‌లో ఫలితాలు అమెరికా జాతీయ శాస్త్ర అకాడెమీ పత్రికలో వెలువడినప్పుడు గగ్గోలు పుట్టింది. సభ్యత్వం తీసుకున్న నాడు అంగీకరించిన షరతులలోనే సమ్మతి ఉన్నదని సంస్థ వాదన. ఆ షరతులను ఎంతమంది చదువుతారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పత్రిక తరువాతి నెలలోనే తన ఆందోళనను తెలియజేస్తూ ఒక సంపాదకీయ ప్రకటన జతచేసింది.

అది కేవలం ఏ రాతలు చూపాలో ఏవి దాచాలో ఎంచుకున్న ప్రయోగం. పదమూడేళ్ళ తరువాత బయటపడిన మరొకదానిలో యంత్రం స్వయంగా మాట్లాడింది.

రెడ్డిట్ అనే చర్చావేదికలో ‘నా అభిప్రాయం మార్చండి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక విభాగం ఉంది. ఒకరు తమ అభిప్రాయాన్ని ప్రకటిస్తారు, ఇతరులు దానిని మార్చడానికి మర్యాదగా వాదిస్తారు, మారితే మొదటివారు ఒప్పుకుని వాదించినవారికి ఒక గుర్తు ఇస్తారు. స్విట్జర్లాండులోని జూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2024 చివరినుంచి కొన్ని నెలలపాటు అక్కడ భాషాయంత్రం చేత వేయికిపైగా వ్యాఖ్యలు వ్రాయించారు. వ్రాసినది యంత్రమని ఎక్కడా చెప్పలేదు, ఆ విభాగం నియమాలు దానిని నిషేధించినప్పటికీ. యంత్రం ఒకచోట అత్యాచారానికి గురైన వ్యక్తిగా మాట్లాడింది. ఇంకొకచోట మానసిక ఆఘాతానికి సలహాలిచ్చే వృత్తి నిపుణుడిగా, వేరొకచోట నల్లజాతి హక్కుల ఉద్యమాన్ని వ్యతిరేకించే నల్లజాతి పురుషుడిగా మాట్లాడింది. అంతటితో ఆగలేదు. ఎదుటి వ్యక్తి పూర్వం వ్రాసినవన్నీ మరొక యంత్రానికి ఇచ్చి, వయసు, స్త్రీపురుష భేదం, జాతి, నివాసం, రాజకీయ మొగ్గు ఊహింపజేసి, ఆ వ్యక్తికి నప్పే వాదనను తయారు చేయించారు.

2025లో పరిశోధకులే విభాగ నిర్వాహకులకు ఈ సంగతి తెలియజేశారు. సభ్యులు మండిపడ్డారు. విశ్వవిద్యాలయం ముఖ్య పరిశోధకుడికి హెచ్చరిక ఇచ్చింది, పరిశోధకులు ఫలితాలు ప్రచురించబోమన్నారు. నైతిక సంఘం ముందుగానే కొన్ని జాగ్రత్తలు సూచించింది కాని, ఆ సలహాలకు కట్టుబడి తీరవలసిన నిర్బంధం లేదు.

పరిశోధకుల సమాధానం తోసిపుచ్చదగినది కాదు. యంత్రాలు మనుషుల అభిప్రాయాలను మార్చగలవా అన్నది నేటి ప్రజాస్వామ్యాలన్నిటికీ ప్రాణ ప్రశ్న. ముందుగా చెప్పి చేస్తే మనుషులు జాగ్రత్తపడతారు, ఫలితం చెడుతుంది. దుర్మార్గులు ఎలాగూ చెప్పకుండానే చేస్తారు, కాబట్టి తెలుసుకోవడం అవసరం. ఇందులో మొదటి రెండు మాటలు నిజమే. మిల్‌గ్రామ్ కూడా చెప్పి చేసివుంటే ఏమీ తేలేది కాదు. కాని మిల్‌గ్రామ్ ప్రయోగశాలకు వచ్చినవారికి తాము ఒక ప్రయోగంలో ఉన్నామన్న సంగతైనా తెలుసు. ఎదురుగా నిలబడ్డ మనిషికి చివరలో అసలు విషయం విప్పిచెప్పే అవకాశమూ ఉంది. రెడ్డిట్‌లో యంత్రంతో మాట్లాడినవారిలో అత్యాచారాన్ని నిజంగా అనుభవించినవారు ఉండి, తమవంటి మరొకరు దొరికారనుకుని సాంత్వన పొందివుంటే, తరువాత వారికి ఎవరు ఏమి చెప్పగలరు? మోసం వలన పరిశోధకుడికి దక్కేది ఒక ఫలితం. వేదిక పోగొట్టుకునేది ఎదుటివాడు మనిషేనన్న నమ్మకం. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడానికి తూనికరాయి ఇంకా తయారు కాలేదు.

ముఖం చూసి గుణం చెప్పే పాత విద్య

యంత్రం ఎదుటివారి లక్షణాలను ఊహించడం గురించి కొంత విడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథ తెలుగు దేశానికి కొత్తది కాదు.

మద్రాసు మ్యూజియం అధ్యక్షుడు ఎడ్గార్ థర్‌స్టన్ పందొమ్మిదో శతాబ్దం చివర దక్షిణాదిలోని కులాల, తెగల మనుషుల తలలూ ముక్కులూ కొలకర్రలతో కొలిచి, 1909లో కె. రంగాచారి సహాయంతో ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. 1901 జనాభా లెక్కలకు అధిపతిగా ఉన్న హెర్బర్ట్ రిస్లీ మరొక అడుగు ముందుకు వేసి, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సంఘంలో అంతస్తు తగ్గుతుందని ప్రతిపాదించాడు. ఈనాడు దానిని చదివితే నవ్వు వస్తుంది. ఆనాడు అది విజ్ఞానం. జనాన్ని పుట్టుకతోనే వర్గీకరించవచ్చుననే ఈ ఆలోచన పాలకుల చేతిలో చట్టమైంది. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది, 1911 తరువాత మద్రాసు రాజధానికి వర్తించింది. ఒక తెగలో పుట్టడమే నేరమైంది. నేటి బాపట్ల జిల్లాలోని స్టువార్టుపురం ఆ చట్టం కింద ఎరుకలవారి కోసం ఏర్పడిన కాలనీ. దేశమంతటా 1952లో చట్టం రద్దయి, ఆ తెగలు విముక్త జాతులయ్యాయి. ఊరి పేరు వినగానే జనం మనసులో మెదిలే అనుమానం మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు.

ఇప్పుడు 2018కి వద్దాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు, వాంగ్, కొసిన్‌స్కీ, జోడీలు వెదుక్కునే సైట్లలోని ఛాయాచిత్రాలను యంత్రానికి చూపి, ఒక వ్యక్తి స్వలింగాకర్షణ కలవాడా కాదా అని ముఖం నుంచి చెప్పించారు. ఇద్దరు పురుషుల చిత్రాలు పక్కపక్కన పెట్టి ఎవరు అని అడిగితే నూటికి 81 సార్లు యంత్రం సరిగా చెప్పింది. ఇలాంటి ప్రమాదం ఉందని లోకాన్ని హెచ్చరించడానికే ప్రచురించామని వారన్నారు. విమర్శకులు ఆ చిత్రాలను పరిశీలించి, యంత్రం పట్టుకున్నది ముఖ నిర్మాణాన్ని కాకపోవచ్చునని, కళ్ళద్దాలు, గడ్డం, అలంకరణ, కెమెరా పట్టే కోణం వంటి అలవాట్లే తేడాకు కారణం కావచ్చునని చూపారు.

81 శాతం అన్న అంకె గురించి ఒక చిన్న లెక్క అవసరం. వేయిమంది పురుషులలో యాభైమంది స్వలింగాకర్షణ కలవారనుకుందాం. ఒక పరీక్ష ఇటు అటు రెండు వైపులా 81 శాతం సరిగా చెప్పగలదనుకుందాం. ఆ యాభైమందిలో సుమారు నలభైమందిని అది పట్టుకుంటుంది. మిగిలిన తొమ్మిదివందల యాభైలో 19 శాతం, అంటే సుమారు నూట ఎనభైమందిని పొరపాటున అదే జాబితాలో చేరుస్తుంది. జాబితాలోని ప్రతి అయిదారుగురిలో ఒకరి విషయంలోనే అది సరైనది. రసాయన పరీక్షలలో మిథ్యా ఫలితాల గురించి మొదటి సంవత్సరం విద్యార్థికి నేర్పే పాఠమే ఇది. అక్కడ తప్పు జరిగితే ఒక ద్రావణం పారబోస్తారు. ఇక్కడ జాబితాలోకి ఎక్కేది మనుషులు. స్వలింగ సంపర్కాన్ని శిక్షించే దేశాలు నేటికీ అనేకం ఉన్నాయి. భారతదేశంలోనే సుప్రీంకోర్టు 377వ సెక్షనును ఆ మేరకు కొట్టివేసింది ఈ వ్యాసం వచ్చిన 2018లోనే. జాబితాలో తప్పుగా చేరిన నూట ఎనభైమందికి జరిగే అన్యాయం ఎంతటిదో, సరిగా చేరిన నలభైమందికి జరిగేదీ అంతటిదే. తమ రహస్యాన్ని చెప్పాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు వారి చేతినుంచి పోతుంది. యంత్రం తప్పు చేస్తుందని మాత్రమే భయపడేవారు ఈ రెండో సగాన్ని మరచిపోతుంటారు.

సమ్మతి అన్న మాటకు ఇక్కడే బీటలు పడతాయి. తన ఫోటోను తానే నలుగురు చూసేలా పెట్టుకున్న మనిషి, దానిని చూడడానికి ఒప్పుకున్నట్లే. దానినుంచి తానెక్కడా చెప్పని సంగతిని పిండుకోవడానికి ఒప్పుకున్నట్లా? వాకిట్లో ముగ్గు వేసిన ఇల్లాలు దారిన పోయేవారు దానిని చూడాలనే వేస్తుంది. ముగ్గును బట్టి ఇంట్లో ఎందరున్నారో లెక్కకట్టుకోమని కాదు.

సిలికాన్ మనుషులు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునన్నది సర్వే శాస్త్రానికి మూలసూత్రం. కాని ఆ మెతుకును పట్టుకోవడం రానురాను కష్టమవుతున్నది. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తినా ఇరవై నిమిషాలు ప్రశ్నలకు జవాబులు చెప్పే ఓపిక లేదు. ఖర్చు పెరిగింది. ఈ పరిస్థితిలో 2023లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక చమత్కారమైన మార్గం చూపారు. ‘నేను ఫలానా వయసు, ఫలానా జాతి, ఫలానా పార్టీ మొగ్గు ఉన్న వ్యక్తిని’ అని భాషాయంత్రం చేత వేషం వేయించి, ఎన్నికల సర్వే ప్రశ్నలు దానినే అడిగారు. అసలు అమెరికన్లు ఇచ్చిన జవాబుల సరళికి యంత్రం జవాబులు చాలా దగ్గరగా వచ్చాయి. వీటికి సిలికాన్ మచ్చులు అని పేరు పెట్టారు. మనిషి లేని సర్వేలో నొచ్చుకునేవారు లేరు, సమ్మతి అక్కరలేదు, నైతిక సంఘం పని లేదు. ఇంతకన్న నిరపాయమైన పరిశోధన ఏముంటుందని అనిపిస్తుంది.

అపాయం మరొకచోట ఉంది. 2024లో వెలువడిన ఒక పరీక్షలో ఈ కృత్రిమ జవాబులను అసలు సర్వేతో నిశితంగా పోల్చిచూశారు. సగటులు బాగానే సరిపోయాయి. కాని మనుషులలో ఉండే వైవిధ్యం యంత్రం జవాబులలో లేదు. ఒకే పార్టీవారు ఒకే ఇంట్లో ఎన్ని రకాలుగా ఆలోచిస్తారో తెలిసినదే. యంత్రం వారందరినీ ఒకే మూసలో పోసింది. ప్రశ్నలో మాటలు కాస్త మార్చితే జవాబు మారింది. అదే ప్రశ్నను మూడు నెలల తరువాత అడిగితే వేరే ఫలితం వచ్చింది. నెలనెలకు చదివే అంకె మారిపోయే తాపమాపకాన్ని ఏ ప్రయోగశాలలోనూ ఉంచరు.

2023లోనే మరి రెండు అధ్యయనాలు ఈ యంత్రం గొంతు ఎవరిదని ప్రశ్నించాయి. అమెరికన్ల అభిప్రాయాలతో పోల్చిచూసిన మొదటిదానిలో, అరవై అయిదేళ్ళు దాటినవారి గొంతు, భర్తను లేదా భార్యను పోగొట్టుకున్నవారి గొంతు యంత్రంలో బాగా తక్కువగా వినబడుతున్నదని తేలింది. రెండవది హార్వర్డ్ పరిశోధకులది. వారు వివిధ దేశాల విలువలతో పోల్చారు. ఒక దేశపు సంస్కృతి అమెరికా సంస్కృతికి ఎంత దూరమైతే, యంత్రం జవాబులకూ ఆ దేశస్థుల జవాబులకూ పోలిక అంతగా తగ్గుతూ పోయింది. ఇందులో వింత లేదు. యంత్రం చదివినది ఎక్కువగా ఇంగ్లీషు, అందులోనూ కంప్యూటరు ముందు కూర్చుని వ్రాసే తీరిక ఉన్నవారి ఇంగ్లీషు. 2011 జనాభా లెక్కలలో ఎనిమిది కోట్లకు పైగా మనుషుల మాతృభాషగా నమోదైన తెలుగుకు ఆ రాశిలో దక్కిన చోటు మనుషుల సంఖ్యకు తగినది కాదు.

ప్రవాసాంధ్రులకు ఈ విషయం మరింత దగ్గరిది. 2020లో జరిగిన భారతీయ అమెరికన్ల వైఖరుల సర్వేలో జవాబులిచ్చినవారు 1,200 మంది. అంతటి సర్వేలో తెలుగువారిని విడదీసి, వారిలో స్త్రీలను, ఆ స్త్రీలలో అరవై దాటినవారిని వేరుచేస్తూ పోతే చేతిలో మిగిలేవారి సంఖ్యను బట్టి ఏ నిర్ణయానికీ రాలేము. మిగిలిన ఖాళీని యంత్రంతో పూరించుకుందామన్న కోరిక పుట్టేది సరిగ్గా అక్కడే. కొడుకు పిలిస్తే నెల్లూరు నుంచో నల్గొండ నుంచో న్యూజెర్సీకి వచ్చి, మనుమలను చూసుకుంటూ, చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చునే అమ్మమ్మను తీసుకోండి. ఆమె తన సంగతి ఎక్కడా వ్రాసుకోలేదు. ఆమె ఒంటరితనాన్ని గురించి, కోడలితో సర్దుబాటును గురించి, తిరిగి వెళ్ళిపోవాలనే కోరికను గురించి యంత్రాన్ని అడిగితే తెలియదని అది ఒక పట్టాన అనదు. అమెరికన్ వృద్ధురాలి మాటలకు పసుపు కుంకుమ అద్ది, నాలుగు చక్కని వాక్యాలలో జవాబు చెబుతుంది. ఆ జవాబును ఆధారం చేసుకుని వృద్ధుల కోసం ఒక కార్యక్రమం రూపొందితే, అది ఎవరి అవసరాలు తీర్చుతుంది? సర్వేలో ఆమెకు చోటు లేకపోవడం పాత అన్యాయం. చోటు ఉన్నట్లు కనబడడం కొత్తది, పట్టుకోవడం మరింత కష్టమైనది.

యంత్రంతో పనిలేదని మనుషులనే అడిగితే శుద్ధమైన జవాబులు వస్తాయన్న భరోసా కూడా నేడు లేదు. డబ్బు తీసుకుని ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు చేసేవారికి ఒక పని ఇచ్చి, లోసాన్‌లోని పరిశోధకులు 2023లో పరీక్షించితే, వారిలో మూడో వంతు నుంచి దాదాపు సగం వరకు భాషాయంత్రం చేతనే వ్రాయించి ఉంటారని అంచనా వేశారు. ఆ యంత్రాలకు మంచీచెడూ నేర్పడానికి ఘోరమైన రాతలు చదివి గుర్తులు పెట్టిన కెన్యా కార్మికులకు గంటకు రెండు డాలర్ల లోపే ముట్టిందన్నది కూడా 2023లోనే వెల్లడయింది. న్యాయంగా పంచాలన్న బెల్‌మాంట్ మూడో సూత్రానికి ఇది ఎంత దూరమో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇంటిపేరు, ఒంటిపేరు

అమెరికా వచ్చిన మొదటి వారంలోనే ప్రతి తెలుగువాడూ పేరు సమస్యను ఎదుర్కొంటాడు. ఇంటిపేరు ముందా వెనుకా, వెంకటేశ్వర్లులో చివరి ‘లు’ ఉండాలా వద్దా, పాస్‌పోర్టులో ఒక అక్షరం, డిగ్రీ పత్రంలో మరొక అక్షరం. బ్యాంకులో ఇది చికాకు. నిరుపేద ఇంట్లో ఇదే గండం కాగలదు.

తెలంగాణ రాష్ట్రం 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. తరువాతి కాలంలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఏర్పడి, వాహనాలు, ఆస్తులు, ఉద్యోగాలు మొదలైన అనేక ప్రభుత్వ జాబితాలను పేర్లూ చిరునామాల పోలికలను బట్టి జతకలిపి, సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో లెక్కగట్టసాగింది. ఒకే మనిషి వేరువేరు జాబితాలలో వేరువేరుగా ఉంటే పట్టుకునేందుకు యంత్రాభ్యాసం ఉపయోగించారు. అనర్హులను ఏరివేసి అర్హులకు మేలు చేయాలన్న ఉద్దేశం మంచిదే. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో సుమారు 18.6 లక్షల రేషను కార్డులు రద్దయ్యాయి. చాలామందికి ముందుగా నోటీసు లేదు. దుకాణానికి వెళ్ళినప్పుడు కార్డు లేదని తెలిసింది. దాదాపు అదే పేరున్న మరొకరి కారు తమ పేరన పడినందువలన బియ్యం పోగొట్టుకున్న పేదలు ఉన్నారు. కారు తమది కాదని నిరూపించుకునే భారం వారి మీదనే పడింది. లేని కారును లేదని నిరూపించే పత్రం ఏ కార్యాలయం ఇస్తుంది?

వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సుమారు 4.92 లక్షల మంది అర్జీ పెట్టుకున్నారు. 2022 జూలై నాటికి పరిశీలించిన 2,05,734 అర్జీలలో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది, అంటే ఏడున్నర శాతం. రసాయన విశ్లేషణలో ఏడున్నర శాతం దోషం వస్తే ఆ ఫలితాన్ని పక్కన పెట్టి, పరికరాన్ని విప్పి చూస్తారు. ఇక్కడ ఆ దోషం పదిహేను వేల వంటిళ్ళు.

ఇది పరిపాలన కదా, సాంఘిక శాస్త్రానికి ఏమి సంబంధమని అనవచ్చు. సంబంధం చాలా దగ్గరిది. కుటుంబమంటే ఏమిటి, పేదరికాన్ని దేనితో కొలవాలి, రెండు పేర్లు ఒకే మనిషివని ఎప్పుడు అనవచ్చు అన్నవి సాంఘిక శాస్త్రజ్ఞులు శతాబ్దం పైగా తర్కించిన ప్రశ్నలు. యంత్రంలో వాటికి జవాబులు ముందే బిగించి ఉంటాయి. బిగించినది ఎవరో అర్జీ పెట్టుకున్నవారికి కనబడదు. కాగితం మీద తప్పు చేసిన గుమాస్తాను నిలదీయవచ్చు. ‘కంప్యూటరులో అలా వస్తున్నది’ అన్న మాటను నిలదీయడం ఎలాగో హైదరాబాదు బస్తీలలో ఎవరికీ తెలియలేదు.

నియమాలు కదలకపోలేదు. ఐరోపా సమాజం 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం, ఉద్యోగ స్థలాలలోను, విద్యాలయాలలోను మనుషుల భావోద్వేగాలను యంత్రంతో ఊహించడాన్ని, వైద్యం, భద్రత వంటి కొన్ని కారణాలకు తప్ప, నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. భాషాయంత్రాన్ని రచయితగా అంగీకరించబోమని నేచర్ పత్రిక 2023 జనవరిలోనే ప్రకటించింది.

సిలికాన్ మనుషుల విషయంలో ఇప్పటివరకు కనబడిన జాగ్రత్త గల ప్రయత్నం 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించినది. వారు వేషాలు వేయించలేదు. 1,052 మంది అసలు మనుషులతో ఒక్కొక్కరితో రెండేసి గంటలు సంభాషణ జరిపించి, వారి సమ్మతితో, ప్రతి ఒక్కరికీ ఒక యంత్ర ప్రతిరూపం తయారుచేశారు. ఒక సర్వే ప్రశ్నలకు మనుషులు రెండు వారాల తరువాత తమ జవాబులనే తాము ఎంత సరిగా తిరిగి చెప్పగలిగారో, ఆ కొలతలో 85 శాతం వరకు ప్రతిరూపాలు చెప్పాయి. మొత్తం మీది జవాబులు పరిశోధకులందరికీ, ఒక్కొక్క వ్యక్తి జవాబులు మాత్రం కట్టుదిట్టమైన అనుమతితో కొందరికే అందాలని వారు ప్రతిపాదించారు. అడిగినవారినే అడిగి చేసిన పని ఇది, అందుకు మెచ్చుకోవాలి. అయినా రెండు గంటలు మాట్లాడడానికి ఒప్పుకున్న మనిషి, ఆ మాటల నుంచి పుట్టిన ప్రతిరూపం ముందు ముందు చెప్పబోయే ప్రతి జవాబుకూ ఒప్పుకున్నట్లేనా, మతం మార్చుకున్నాక, పార్టీ మారాక, కన్నుమూశాక ఆ ప్రతిరూపం పాత మనిషి పేరన ఇంకా మాట్లాడుతూ ఉండవచ్చునా అన్నవి సమీక్షా సంఘాల బల్ల మీదకు రాబోతున్న ప్రశ్నలు. సమ్మతి పత్రంలో సంతకం కోసం ఒక గీత ఉంటుంది. దాని పక్కన తేదీ కోసం మరొక గీత ఉంటుంది. ఆ రెండవ గీతకు ఇంతవరకు ఎవరూ ఇంత పని చెప్పలేదు.